ఒకే కూజాలో ఎరుపూ తెలుపూ

తెల్ల పువ్వుల్ని చూసి పసుపు పచ్చవి అనడం నేరం కాదు. కానీ అలా అన్న ముసలావిడ తెల్లారేసరికి విషం ఎక్కి చచ్చి పడి ఉంటే, ఆ పువ్వులు తెచ్చిన పిల్ల మాత్రం నేరస్థురాలేనని ఇన్‌స్పెక్టర్ హ్యాలమ్ లెక్క.

ఆ పిల్ల పోల్‌వీన్ పోలీస్ స్టేషన్ వెనక గదిలో, నా ఎదుట, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు టామ్సిన్ ట్రెవీనా. రేవు దగ్గర పూలకొట్టు ఆమెది. ఐదింటికి బండి వస్తుంది, బాడ్మిన్ కోర్టుకి తీసుకెళ్లి హత్యానేరం మోపుతారు. అప్పుడు టైము రెండున్నర.

“మొదట్నుంచీ చెప్పమ్మాయ్,” అన్నాను.

“మూడుసార్లు చెప్పాను కర్నో గారూ.”

“నాలుగోసారి చెప్పు. నాకున్నవి రెండే చెవులు. అందులో ఒకదాంట్లో ఇన్‌స్పెక్టర్ గారు పొద్దుటే పువ్వు పెట్టేశారు.”

ఆమె నవ్వలేదు. జోకు వేశాక నవ్వే మనిషి ఎదురుగా లేకపోతే అది దగ్గు కిందే లెక్క. ఆరేళ్లుగా నేను మా ఇంట్లో దగ్గుతూనే ఉన్నాను.

నా పేరు డెన్‌జిల్ కర్నో. తప్పిపోయిన కుక్కల్నీ, తప్పు చేసి పోయిన మొగుళ్లనీ వెతికి పెట్టడం నా వృత్తి. శనివారం శనివారం పక్క ఊళ్లోంచి బస్సెక్కి వచ్చి ఈ పిల్ల కొట్లో ఒక్క పువ్వు కొనుక్కుని పోతాను. ఒక్కటే. ఎవరి కోసమని ఆమె ఏనాడూ అడగలేదు. అడగకుండానే కాడ కాస్త పొడవుగా కోసి ఇస్తుంది, సమాధి దగ్గర రాయి సందులో గుచ్చడానికి వీలుగా. ఈ కేసు ఒప్పుకోవడానికి నాకు ఆ పొడుగు కాడ చాలు. మూడు రోజులుగా ఈ ఊరి పబ్బులోనే మకాం.

“ఏప్రిల్ ఆఖరి రోజు,” అంది టామ్సిన్. “నాలుగింటికి లవ్‌డే అత్త ఇంటికెళ్లా. ట్యూలిప్పులు పట్టుకెళ్లా. ఎర్రవీ తెల్లవీ కలిపి కట్టిన గుత్తి. ఆవిడే చెప్పింది అలా తెమ్మని. ఆ రాత్రి బెల్టేన్ కదా.”

“మీ మంత్రగత్తెల పండగ.”

“విక్కా అనండి. మంత్రగత్తెలని అత్త అంటే బావుంటుంది, మీరంటే బావుండదు.”

“సరే, నాలిక కరుచుకున్నా. పువ్వులు?”

“పీఠం మీద గోధుమరంగు మట్టి కూజా పెట్టి, అందులో ఇద్దరం కలిసే పెట్టాం. ఎరుపు దేవుడు, తెలుపు దేవత. ఆ రాత్రి వాళ్లిద్దరూ ఒకటవుతారు. అవి విడిగా ఉండకూడదు. విడదీస్తే ఏడాదంతా ఆ ఇంట్లో వియోగమే అని అత్త నా చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉంది.”

“పెట్టాక కదా గొడవ?”

ఆమె కళ్లు దించుకుంది. “వెనక్కి జరిగి చూసి, ‘తెల్లవి తెమ్మంటే పసుపువి తెచ్చావేంటే’ అంది. తెల్లవే అత్తా అన్నా. ‘నాకు పువ్వుల భాష రాదనుకున్నావా? పసుపు ట్యూలిప్పంటే ఆశ లేని ప్రేమ. ఇంక నా మీద ఆశ లేదని చెప్పడానికి తెచ్చావా’ అని అరిచింది. నేనూ అరిచా. తెల్ల పువ్వుని పట్టుకుని పసుపంటే ఏం చెయ్యను? పక్కింటి మిసెస్ రౌస్ గోడ అవతల్నుంచి అంతా విన్నారంట. పోలీసులకి చెప్పారు.”

“ఆఖరికి?”

“ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుని, ‘కళ్లు మోసం చేస్తున్నాయే, తిండి కూడా సయించట్లేదే, నన్ను తీసుకుపోవే’ అంది. పండగ అయిన మర్నాడు నా కొట్టు పైన గదిలోకి వచ్చెయ్యాలని అనుకున్నాం. పెట్టె కూడా సర్దుకుంది. ఐదున్నరకి నేనొచ్చేశా. రాత్రికి మళ్లీ వెళ్లాలి, గాలివాన వచ్చి కొండెక్కలేకపోయా. పొద్దున పాలవాడు చూశాడు.”

కిటికీ బయట సముద్రపు కాకి ఒకటి మాకంటే గట్టిగా ఏడుస్తోంది.

“మా మండలిలో పదమూడు మంది ఉండేవాళ్లట ఒకప్పుడు. నాకు తెలిసేసరికి నలుగురు. పోయినేడు ఇద్దరం. ఇప్పుడు…” వేలు ఒకటి ఎత్తి, దాన్నే చూసి, మళ్లీ ముడిచేసింది.

నేను లేచాను. ఆమె గౌను జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీదకి తోసింది.

“కొట్లో బకెట్లకి నీళ్లు మార్చండి. మూడు రోజులయింది. పాపం, వాటికి తెలీదు కదా నేనెక్కడున్నానో.”

ఆమెకు బాడ్మిన్‌లో ఏమవుతుందన్న భయం కంటే బకెట్ల గురించిన బెంగే ఎక్కువగా ఉంది. అలాంటి మనిషి విషం పెట్టిందని నమ్మాలంటే నాకు ఇంకో జన్మ కావాలి. ఆ జన్మలో నేను ఇన్‌స్పెక్టర్‌నై పుట్టాలి.

హ్యాలమ్ నాకోసం లవ్‌డే నాన్‌కారో ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కొండ మీద రెండే ఇళ్లు. మధ్య గోడ ఒకటే. కవల పిల్లల్లా ఒకదాన్నొకటి ఆనుకుని, ఊరికి వీపు తిప్పి కూర్చున్నాయి. హ్యాలమ్ లండన్ నుంచి బదిలీ అయి వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మేస్త్రీ చూపు.

“ఏమోయ్ కర్నో, ఈమధ్య కుక్కలు తప్పిపోవడం మానేశాయా?”

“మానలేదండీ. ఒకటి దారి తప్పి పోలీసు శాఖలో చేరిందని తెలిసి వెతుక్కుంటూ వచ్చా.”

“ఐదు నిమిషాలిస్తా. ఏదీ ముట్టుకోకు.”

“ముట్టుకోను. ముక్కుతో చూస్తా. అన్నట్టు, మీ కాలర్ పసుపెక్కింది, చాకలిని మార్చండి.”

హ్యాలమ్ గడ్డం వంచి కాలర్ చూసుకున్నాడు. “నిన్న కొన్న చొక్కా ఇది,” అన్నాడు విసుగ్గా. ఎప్పుడూ ఏదో ఒక ఎదురుదెబ్బ తగిలించే మనిషి అంత మామూలుగా జవాబిచ్చేసరికి నా జోకు నాకే చప్పగా అనిపించింది. పొద్దుటి నుంచి నాకు అన్నీ చప్పగానే ఉన్నాయి. పబ్బులో ఇచ్చిన మాంసం పేస్టీ కూడా రెండు ముక్కలు కొరికి వదిలేశాను. నిన్నా అంతే. ఊరి గాలి పడలేదనుకున్నాను.

లోపలికి వెళ్లగానే ఎడమవైపు గోడకు వరసగా కొక్కేలు. పదమూడు. పదకొండింటి మీద వేలు పెడితే గుర్తు పడేంత దుమ్ము. రెండింటికి నల్లటి అంగీలు వేలాడుతున్నాయి, ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది. వంట దగ్గర పెద్ద బల్ల చుట్టూ కుర్చీలు చాలానే ఉన్నాయి గానీ ఒక్కదాని మెత్త మాత్రమే నలిగి ఉంది. ఇంటికి జనం తగ్గిపోయినా సామాను తగ్గదు. మా ఇంట్లోనూ అంతే, రెండు టీ కప్పులు కడుగుతాను, ఒకటే తాగుతాను.

ముందుగదిలో పీఠం. కొవ్వొత్తులు, ఉప్పు గిన్నె, గోధుమరంగు మట్టి కూజా. కూజా లోపల చెమ్మ ఉంది, పువ్వుల్లేవు.

తెల్ల ట్యూలిప్పులు కిటికీ గట్టు మీద గాజు పాత్రలో ఉన్నాయి. మూడు రోజుల్లో వాడిపోయి, రేకులు ముదురు రంగుకు తిరిగి కిందికి వాలాయి. ఎర్రవి ఆ గదిలోనే లేవు. వంటింట్లో, పొయ్యికి అవతల, జామ్ సీసాలో ఉన్నాయి.

“కనిపెట్టావా?” అన్నాడు హ్యాలమ్ వెనక నుంచి. “పిల్ల కలిపి పెట్టామంది. ఇక్కడ విడివిడిగా ఉన్నాయి. అబద్ధాలకోరు.”

“అబద్ధాలకోరు ఉన్నది ఉన్నట్టు చెబుతుంది సార్, అనుమానం రాకుండా. విడిగా పెట్టామని చెబితే ఆమెకి పోయేదేముంది? కలిపి పెట్టామంది, ఎందుకంటే కలిపే పెట్టారు. ఆమె వెళ్లిపోయాక ఎవరో వచ్చి విడదీశారు.”

“ముసలిదే విడదీసి ఉంటుంది.”

“వాళ్ల మతంలో ఆ రాత్రి ఎరుపునీ తెలుపునీ విడదీయడమంటే మీరు చర్చిలో పెళ్లి జరుగుతుండగా పెళ్లికూతుర్ని వంటింట్లో పెట్టి తాళం వెయ్యడం లాంటిది.”

“కోర్టుకి పువ్వుల భాష రాదోయ్, ఇంగ్లీషొకటే వచ్చు.” హ్యాలమ్ కోటు జేబులోంచి మడత కాగితం తీసి మళ్లీ లోపల పెట్టాడు, చూపించాననిపించడానికి. “డాక్టర్ చెప్పింది విను. లోపలికి వెళ్లింది ఫాక్స్‌గ్లవ్ ఆకు. పెరట్లో గోడ వెంబడి బోలెడుంది.”

ఫాక్స్‌గ్లవ్. నక్క తొడుక్కునే చేతొడుగు అని ఆ పువ్వు పేరుకి అర్థం. ‘పైకొకటి, లోనొకటి’ అని పాత పువ్వుల భాషలో దాని మాట. నక్క తోక తొక్కినవాడికి అదృష్టం పడుతుందంటారు. నక్క చేతొడుగు తొడుక్కున్న చెయ్యి ఎవరిదో ఇంకా తెలియదు.

“ఇంకో సంగతి,” అన్నాడు హ్యాలమ్. “ఈ విషం ఒక్కసారిగా కాదు, రోజుల తరబడి కొంచెం కొంచెంగా పడితే మనిషికి తెల్లటివన్నీ పసుపుగా కనబడతాయట. అందుకే పువ్వుల దగ్గర గొడవ. అంటే అప్పటికే వారాల నుంచి పెడుతోందన్న మాట. శుక్రవారం శుక్రవారం టీ మూలికలు తెచ్చేది ఎవరు? మీ పూలపిల్ల. ఇల్లు ఎవరి పేర రాసింది? మీ పూలపిల్ల పేరే.”

“ఆ మూలికల డబ్బాలో ఫాక్స్‌గ్లవ్ దొరికిందా?”

హ్యాలమ్ గుమ్మం వైపు చూశాడు. “పారేసి ఉంటుంది.”

“పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. మీకే కామెర్లో గానీ, లోకమంతా టామ్సిన్‌లా కనిపిస్తోంది.”

“నోరు జాగ్రత్త కర్నో! నిన్ను లోపలికి రానివ్వడమే నా మంచితనం.”

“మీ మంచితనం మంచులాంటిది సార్. ఎండ తగలనివ్వకండి.”

“నీకేం పోయింది? ఆ పిల్ల నీకు చుట్టమా?”

కాడ పొడవుగా కోస్తుంది అని చెబితే అతనికేం అర్థమవుతుంది?

అతను తాళాల కోసం బయటికి వెళ్లినప్పుడు నేను ఆ గాజు పాత్ర ముందు ఒంటరిగా నిలబడ్డాను. ఎవరు విడదీస్తారు? ఎందుకు? చంపడానికి వచ్చినవాళ్లు చంపి పోవాలి గానీ, ఆగి పువ్వులు సర్దడమేమిటి?

అప్పుడు గుర్తొచ్చింది. నా భార్య ఎలోవెన్ ఆసుపత్రిలో ఉన్న వారం. ఎర్రవీ తెల్లవీ కలిపిన పెద్ద గుత్తి పట్టుకుని పెళ్లికొడుకులా వార్డులోకి వెళ్లాను. నర్సమ్మ అడ్డంగా వచ్చి, నా చేతిలోంచి లాక్కుని, తెల్లవన్నీ ఏరి నాకే తిరిగి ఇచ్చేసింది. ‘ఏవయ్యా, పెళ్లాన్ని పంపించేద్దామనుకుంటున్నావా? రక్తం, కట్టుగుడ్డ! రెండూ ఒకచోట పెడితే వార్డులో ఒకరు పోతారు’ అని కసిరింది. ఆ తెల్ల పువ్వులు ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను. పక్క సీటావిడ ఎవరి పెళ్లి అని అడిగింది.

విడదీసినా ఎలోవెన్ పోయింది. అది వేరే మాట.

ఒకే రెండు రంగులు. టామ్సిన్ భాషలో కలిపితే కల్యాణం. నర్సుల భాషలో కలిపితే కాటికి ప్రయాణం. లవ్‌డే ఇంటికి ఆ సాయంత్రం వచ్చిన మనిషికి మొదటి భాష రాదు. రెండోదే వచ్చు. ఎంత బాగా వచ్చంటే, ఆ గుత్తిని చూసి చేతులు ఊరుకోలేనంత.

కిటికీలోంచి పక్కింటి పెరడు కనిపిస్తోంది. మిసెస్ రౌస్ తీగ మీద దుప్పట్లు ఆరేస్తోంది. మూడు రోజులుగా ఈ ఊళ్లో ‘తిన్నావా’ అని నన్ను అడిగిన ఒకే ఒక్క మనిషి. రోజూ పిలిచి టీ ఇచ్చింది. దుప్పటి దులిపినప్పుడు ఆమె గుండెల మీద ఏదో మెరిసింది. మూడు రోజులుగా చూస్తున్నదే, చూడనిదీ అదే. రవికకు పిన్నుతో గుచ్చిన చిన్న గడియారం. తలకిందులుగా వేలాడుతుంది. రోగి మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ, తల వంచితే సూటిగా కనిపించడానికి అలా పెట్టుకుంటారు.

నర్సులు.

“ఇన్‌స్పెక్టర్ గారూ,” అన్నాను గుమ్మంలోకి వచ్చి, “ఆ పిల్లని గంటసేపు ఆపండి.”

“ఎందుకు?”

“ఎరుపు తెలుపు విడదీసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసనుకుంటున్నా.”

“అనుకో. అనుకోవడానికి లైసెన్సక్కర్లేదు. బండి ఐదింటికి.” తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, కొండ దిగిపోయాడు.

నేను రేవు దగ్గర కొట్టుకి వెళ్లి బకెట్లకి నీళ్లు మార్చాను. తలుపులు మూసిన కొట్లో మసక చీకటి. రంగులు తెలియలేదు. బకెట్ల మీద టామ్సిన్ సుద్దతో రాసిన పేర్లు చూసి, ‘ఎరుపు’లోంచి కొన్ని, ‘తెలుపు’లోంచి కొన్ని తీసి, కలిపి, పాత పేపర్లో చుట్టాను. కొండెక్కుతుంటే ఆయాసం వచ్చింది. నా వయసు గురించి నాలో నేనే ఒక జోకు వేసుకున్నాను. ఎప్పటిలాగే దగ్గు.

“రా మా అందగాడా! కెటిల్ ఇప్పుడే కూసింది,” అంది మిసెస్ రౌస్. మా వైపు ముసలమ్మలు చేపలమ్మేవాణ్ణయినా అందగాడా అనే పిలుస్తారు. అది తెలిసినా ప్రతిసారీ కాస్త జుట్టు సర్దుకుంటాను.

వంటింట్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. బల్ల మీద కుంకుమపువ్వు బన్నులు. ఆమె టీ పోసింది, ఎప్పటిలా నల్లగా, చిక్కగా. నేను నాలుగు చెంచాల పంచదార వేసుకున్నాను. అయినా అడుగున ఒక చేదు మిగిలింది.

“కూర్చో. మొహం పీక్కుపోయింది. తిన్నావా?”

“మీరడిగారు, సగం కడుపు నిండింది. ఒక్క సంగతి చెప్పండి, పండగ రోజు సాయంత్రం మీరు లవ్‌డే గారింటికి వెళ్లారా?”

“అదే పోలీసాయనకీ చెప్పా. ఆ పండగ రోజుల్లో నేనా గడప తొక్కను. నేను చాపెల్‌లో ప్రార్థనకి వెళ్లే మనిషిని. గోడకి ఇవతల కూర్చుని విన్నాను, అంతే. అరుపులు, ఏడుపు.”

“రోజూ అయితే వెళ్తారు.”

“వెళ్లనా? పదకొండేళ్లు! మధ్యాహ్నం నేనే టీ పెట్టి పట్టుకెళ్లేదాన్ని. రాత్రి పడుకునే ముందు ఈ గోడ మీద మూడుసార్లు తట్టేదాన్ని. తనూ తట్టేది. గుడ్‌నైట్ అన్నమాట.” ఆమె కప్పు అంచు తుడుస్తూ ఉండిపోయింది. “ఇప్పటికీ తడుతున్నా. అలవాటు.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా పడగ్గదిలోనూ ఒక దిండు ఖాళీగా ఉంది. దానికి రోజూ ఏదో ఒక జోకు చెబుతాను.

కప్పు ఖాళీ చేసి పేపరు పొట్లం బల్ల మీద పెట్టాను. “మీ కోసం తెచ్చా.”

“నాకా! ఎన్నేళ్లయిందయ్యా నాకు ఎవరైనా పువ్వులు తెచ్చి!” ఆమె చేతులు గబగబా పేపరు విప్పాయి. మొహం నిజంగా వెలిగింది. ఆ వెలుగు చూసి, నేను తెచ్చింది పువ్వులు కాదు వల అని గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

మరుక్షణం వెలుగు ఆగిపోయింది. చేతులు మాత్రం ఆగలేదు. ఆమెను అడగకుండానే వాటి పని అవి మొదలుపెట్టాయి. ఎర్రవి ఎడమకి, తెల్లవి కుడికి. బియ్యంలో రాళ్లు ఏరినంత వేగంగా. తెల్లవి గ్లాసులో వేసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఎర్రవి వెనక గదిలోకి తీసుకుపోయి, తలుపు చేరవేసి వచ్చింది.

“కలిపి ఉంచితేనే అందమేమో,” అన్నాను.

“ఛీ ఛీ, ఎవరన్నా కలుపుతారా! రక్తం, కట్టుగుడ్డ. ముప్పయ్యేళ్లు నా వార్డులో ఒక్క పూట ఉండనివ్వలేదు. పనిపిల్లకి తెలీక ఓసారి పెట్టింది. ఆ సాయంత్రమే మూడో నంబరు మంచం ఖాళీ.”

“లవ్‌డే గారి కూజాలోవీ అందుకే తీశారా?”

“మరి చూస్తూ ఎలా వదిలేస్తానయ్యా? మనిషికి ఒంట్లో బాగోలేదు, ఎదురుగా ఆ దరిద్రం…”

గోడ గడియారం, ఆమె గుండెల మీద గడియారం, రెండూ వినిపించాయి.

“గడప తొక్కలేదన్నారు మిసెస్ రౌస్.”

ఆమె మెల్లగా కూర్చుంది. తప్పించుకోవాలని చూడలేదు. మూడు రోజులుగా ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

“చంపాలని కాదు,” అంది. “నా చేతుల మీద బతికినవాళ్లెందరో తెలుసా నీకు? కాస్త నీరసంగా ఉంటే చాలనుకున్నా. కదలలేనంత. ఆ పూలకొట్టు మెట్లెక్కలేనంత. ‘వెళ్లిపోతా విన్నీ’ అని నన్ను పేరు పెట్టి పిలిచి నవ్వుతూ చెప్పిందయ్యా! నవ్వుతూ! ‘నువ్వూ చాపెల్ వాళ్లతో కలిసిపో, ఒంటరితనం ఉండదు’ అంది. ఈ గోడకి అవతల ఎవరుంటారు? ఎవరు తడతారు?”

“కొంచెం కొంచెంగా టీలో పోశారు.”

“కొంచెమే. నాకు కొలత తెలుసు. కానీ ఆ సాయంత్రం వెళ్లేసరికి గుమ్మంలో పెట్టె సర్ది ఉంది. తాడు కూడా కట్టేసింది. అది చూశాక చెయ్యి కాస్త…” తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది, అది వేరే ఎవరిదో అయినట్టు. “నేనే తల నిమురుతూ కూర్చున్నా చివరిదాకా. ఒంటరిగా పోలేదు తను. ఆ మాట రాసుకో.”

“ఆ పాపం టామ్సిన్ మోస్తోంది. ఐదింటికి తీసుకెళ్లిపోతారు. ఇప్పుడే నాతో వచ్చి ఆ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పండి.”

“ఆ పిల్ల చిన్నది. తట్టుకుంటుంది.” ఆమె నా వైపు వంగింది. గొంతులో ఎక్కడా కోపం లేదు. అది ఉన్నా బావుండేది. “నీ సంగతి చెప్పు. మొదటి రోజు అడిగితే ఇంట్లో ఎవరూ లేరన్నావు గుర్తుందా? వండిపెట్టేవాళ్లు లేరు, పలకరించేవాళ్లు లేరు. ఆ రోజే అనుకున్నా పాపం అని.”

నేను లేవబోయాను. మోకాళ్లు మాట వినలేదు. కొండెక్కిన ఆయాసం ఇంకా దిగలేదు.

“తొందరపడకు. రెండ్రోజులుగా తిండి సయించట్లేదు కదా?” అంది ముద్దుగా. “నాకు తెలుసులే. పైన పక్క వేసి ఉంచా, దుప్పట్లు ఇవాళే ఉతికా. ఇంక నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటా.”

కిటికీ వైపు తిరిగాను. ఎండ సూటిగా గట్టు మీద పడుతోంది. నేను ‘తెలుపు’ అని రాసిన బకెట్లోంచి తీసిన ట్యూలిప్పులు, ఇప్పుడే ఆమె తెల్లవని ఏరి గ్లాసులో పెట్టిన ట్యూలిప్పులు, బల్ల మీది బన్నుల్లా నిగనిగలాడే పసుపు పచ్చ రంగులో ఉన్నాయి. హ్యాలమ్ కాలర్ గుర్తొచ్చింది. నిన్న కొన్న చొక్కా.

కింద రోడ్డు మీద బండి గేరు మార్చిన చప్పుడయింది. కొండ మలుపు తిరిగి బాడ్మిన్ దారి పట్టింది. టామ్సిన్ అందులో ఉంది. ఆ నేరం ఎవరు చేశారో తెలిసిన మనుషులు లోకంలో ఇద్దరం. ఇద్దరం ఈ బల్ల దగ్గరే ఉన్నాం.

కుర్చీ పట్టుకుని గోడ దాకా జరిగి, అవతల ఎవరో ఉన్నారనే ఆశతో, పిడికిలి బిగించి మూడుసార్లు కొట్టాను. చప్పుడు ఖాళీ ఇంట్లోకి వెళ్లి, పదమూడు కొక్కేల మధ్య ఎక్కడో పోయింది.

“అక్కడెవరూ లేరు అందగాడా,” అంది మిసెస్ రౌస్. “పలికేది నేనొక్కదాన్నే.”

వేలి కణుపులతో బల్ల మీద మూడుసార్లు, నెమ్మదిగా, తిరిగి తట్టింది.